ఉంటానన్న మాట

పోయిన వారం మనం లూసీని ట్రేసీ ఊరి లైబ్రరీ గుమ్మం దగ్గర వదిలి వచ్చాం. తలుపు పిడి మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్లాలా, తిరిగి ఇంటికి పోవాలా అని ఆమె తేల్చుకోలేకపోతోంది.

కథను మధ్యలో అందుకున్నవాళ్ల కోసం రెండు మాటలు. లూసీ బాపట్ల నుంచి వచ్చి, ఉద్యోగకాలమంతా కాలిఫోర్నియాలోనే నర్సుగా చేసిన మనిషి. భర్త సుందర్ రాజ్ కన్నుమూశాక మోకాలి ఆపరేషన్ వచ్చి పడింది. ఉద్యోగం ఆగింది, ఇంటి లోన్ వాయిదాలు ఆగాయి, వేలం నోటీసు వాకిలి తలుపు మీదకు వచ్చింది. నోటీసు వెనకే కౌశిక్ వచ్చాడు. ఇళ్లు వేలానికి పోకుండా ఆపుతామని తిరిగే ఫోర్‌క్లోజర్ కన్సల్టెంట్లు ఉంటారు కదా, అలాంటి కంపెనీ మనిషి అతను. ఇక్కడే పుట్టి పెరిగినా గుమ్మంలో నిలబడి "నమస్కారం ఆంటీ" అన్నాడు. ఆ ఒక్క పలకరింపుకే లూసీ పెనం పొయ్యి మీద పెట్టింది. పెసరట్లు తింటూ అతను తెలుగులో చెప్పిందంతా విని, ముందు పెట్టిన ఇంగ్లీషు కాంట్రాక్టు మీద సంతకం చేసింది. ఆమెకు ఇంగ్లీషు రాక కాదు. మందుసీసా మీద చీమంత అక్షరాన్ని కూడా వదలని కళ్లు అవి. కానీ తెలుగు మాట చెవిన పడిన సంతోషంలో కళ్లజోడు వెతుక్కోవాలని తోచలేదు.

ఆ కాంట్రాక్టు ప్రకారం ఇల్లు కంపెనీ పేరు మీదకు మారుతుందని, తన ఇంట్లో తనే అద్దెకు ఉండాలని పక్కింటి చాముండేశ్వరి చదివి చెప్పేదాకా లూసీకి తెలియలేదు. వెంటనే కౌశిక్‌కు ఫోన్ చేసింది. వద్దని చెప్పాననే అనుకుంది. కానీ కంపెనీ నుంచి వచ్చిన జవాబు వేరుగా ఉంది. "మీరు కాంట్రాక్టులో ఉంటానని చెప్పారు. మాట రికార్డయి ఉంది. ఈ శుక్రవారం ఇంటి బదిలీ కాగితాల మీద సంతకం పెట్టాలి."

ఉంటానని ఎప్పుడు చెప్పింది? ఎంత ఆలోచించినా లూసీకి గుర్తు రాలేదు. వయసు మీద పడి మతి పోతోందేమోనని భయం పట్టుకుంది. ఆ భయమే ఇప్పుడు లైబ్రరీ గుమ్మంలో ఆమె కాళ్లకు బంధం వేసింది.

"ఏందే చెల్లె, లైబ్రరీకి కావలి కాస్తున్నవా?" వెనక నుంచి చాముండేశ్వరి గొంతు. కారు పార్క్ చేసి, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని ఎండలో వస్తోంది. వరంగల్ మనిషి. ఎన్ని ఊళ్లు తిరిగినా యాస పోలేదు, పోనివ్వలేదు.

"పొయ్యి ఆపానో లేదో అక్కా…"

"నువ్వు బయటికొచ్చినంక నేనే లోపలికి పోయి చూసిన. ఆపే ఉంది. గ్యారేజీ తలుపు కూడ చూసిన. ఇంకేమన్న సాకు ఉందా?"

ఇంకే సాకూ దొరకలేదు. చాముండేశ్వరి తలుపు లాగింది.

లైబ్రరీ వెనక వైపు చిన్న మీటింగ్ గది. ఉచితంగా న్యాయసలహా ఇచ్చే సంస్థ తరఫున ఎలీనా అనే లాయరు అక్కడ కూర్చుని ఉంది. నలభై దాటి ఉండవు. జుట్టు పైకి ముడేసి అందులో పెన్సిల్ గుచ్చుకుంది. ఆమె రమ్మని కబురు పెట్టింది కాబట్టి కౌశిక్ కూడా వచ్చాడు. బల్లకు అవతలి వైపు ఇస్త్రీ చొక్కాలో, ముందర ల్యాప్‌టాప్ పెట్టుకుని, పరీక్షకు బాగా చదివి వచ్చిన పిల్లవాడిలా ధీమాగా ఉన్నాడు.

లూసీని చూడగానే లేచాడు. "నమస్కారం ఆంటీ. మోకాలు ఎలా ఉంది?"

"పర్లేదు బాబూ. నువ్వు తిని వచ్చావా?"

చాముండేశ్వరి మోచేత్తో లూసీ డొక్కలో పొడిచింది. "ఇల్లు గుంజుకునేటోన్ని తిన్నవా అని అడుగుతవేందే!" అని గొణిగింది.

ఎలీనా ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఆమె మాట నిదానంగా, తేటగా ఉంది. "మిస్ లూసీ, చట్టం మీకు ఒక హక్కు ఇచ్చింది. ఇలాంటి కాంట్రాక్టు మీద సంతకం చేశాక ఐదు పనిదినాల లోపల, కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. మీరు ఆ గడువులోనే ఫోన్ చేశారని విన్నాను."

"చేశానమ్మా."

"ఫోన్ చాలదు మేడమ్," అన్నాడు కౌశిక్. "రాతలో ఇవ్వాలి. ఆంటీ ఏదీ రాసి పంపలేదు."

ఎలీనా తల ఊపింది. "అది నిజమే. రద్దు రాతలోనే జరగాలి."

లాయరమ్మే అలా అంటే ఇంకెవరిని అడగాలి? లూసీ ఒళ్లో పెట్టుకున్న సంచీ పిడులు వేళ్లకు చుట్టుకుంది.

"ఇంకోటి ఉంది మేడమ్," అన్నాడు కౌశిక్. "ఆంటీ ఆ ఫోన్‌లో రద్దు చేయమని అనలేదు. ముందు కొంచెం డౌట్‌గా ఉంది. నేను అంతా ఎక్స్‌ప్లెయిన్ చేశాక ఉంటానని చెప్పింది. మూడు సార్లు చెప్పింది. కాల్ రికార్డ్ అవుతుందని ముందే మెషీన్ చెప్తుంది. కావాలంటే వినండి." లూసీ వైపు తిరిగి తెలుగులోకి వచ్చాడు. "ఆంటీ, నేను లై చేయట్లేదు. ప్రామిస్. మీరే చెప్పింది."

ల్యాప్‌టాప్‌లోంచి లూసీ గొంతు వచ్చింది. తన గొంతు తనకే పరాయిదానిలా వినిపించింది.

"బాబూ కౌశిక్, నేనమ్మా, లూసీ ఆంటీని. తిన్నావా? ఆఁ… అదీ… ఆ కాగితం సంగతి బాబూ. నాకెందుకో మనసొప్పడం లేదు. నువ్వేం అనుకోకు. మా పక్కింటి అక్క కూడా…"

తర్వాత కౌశిక్ గొంతు అందుకుంది. లోన్ సంగతి, బ్యాంకు సంగతి, ఇల్లు పోతే ఎక్కడికి పోతారన్న సంగతి. ఆపకుండా చెప్పుకుపోతుంటే మధ్యమధ్య లూసీ "ఊఁ… ఆఁ… అవునా… ఊఁ" అంటోంది. చివర్లో: "సరే బాబూ. ఎండల్లో తిరగకు, టోపీ పెట్టుకో. మరి ఉంటాను. ఆఁ… ఉంటాను బాబూ. ఉంటాను."

"గ్రేట్ ఆంటీ! థ్యాంక్యూ సో మచ్!" అని కౌశిక్ గొంతు. అక్కడితో ఆగిపోయింది.

ఎలీనా ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసింది. "చివర ఆవిడ ఏమన్నారు?"

"ఐ విల్ స్టే," అన్నాడు కౌశిక్. "ఉంటాను అంటే అదే అర్థం మేడమ్. త్రీ టైమ్స్."

అప్పుడు చాముండేశ్వరి నవ్వింది. మామూలు నవ్వు కాదు. బల్ల మీద అరచేత్తో కొట్టి, కళ్లనీళ్లు కొంగుతో తుడుచుకుని, అద్దం అవతల పుస్తకాలు చదువుకునేవాళ్లు తలలు తిప్పి చూసేలా నవ్వింది.

"అయ్యో కొడుకా! ఫోన్ పెట్టేటప్పుడు ఉంట అనకపోతె ఏమంటరు? మా మరదలు హన్మకొండ నుంచి వారం వారం ఫోన్ జేసి 'ఉంట వదినె' అంటది. ఇన్నేండ్ల సంది అది మా ఇంట్లనే మకాం పెట్టినట్టా? పెడితే మా వంటకు ఆసరా అన్న అయితుండె!"

కౌశిక్ చెవులు ఎర్రబడ్డాయి. "మా మామ్ ఫోన్‌లో బై అంటుంది ఆంటీ."

"మీ మామ్ బై అంటది. మేం ఉంట అంటం."

"కానీ ఉంటాను అంటే… స్టే చేస్తాను అనే కదా?"

"అంటే అదే. కాని అది కాదు!"

లూసీకి నవ్వు రాలేదు. ఆమెకు మతి పోలేదు. ముందుగా తోచింది అదే. నెత్తి మీంచి కాళ్ల వరకూ చల్లటి నీళ్లు పోసినట్టు హాయిగా అనిపించింది. ప్రభువా, నీకు స్తోత్రం, మతి పోలేదు అనుకుంది. ఆ వెంటనే ఆ మాటే పట్టుకుని ఆలోచన ఎటో పోయింది. ఫోన్ పెట్టేస్తూ ఉంటానంటాం. గడప దాటుతూ వస్తానంటాం. పోతున్నానని మాత్రం నోరు జారి కూడా అనం. వార్డులో డ్యూటీ దిగేటప్పుడు ఆమె ప్రతి మంచం దగ్గరా ఆగి "రేపొస్తాను" అని చెప్పేది, ఇంగ్లీషులో అయినా సరే. మర్నాడు కొన్ని మంచాల మీద ఉతికిన దుప్పటి పరిచి ఉండేది. చెప్పిన మాట తప్పింది తను కాదు. అయినా ఆ మంచాల పక్కనుంచి నడిచేటప్పుడు తనే తప్పినట్టు ఉండేది. వీడ్కోలు మాటను సూటిగా పలికే ధైర్యం తమవాళ్లెవరికీ లేదు కాబోలు. ఆ పిరికితనమే ఇవాళ ఇంటి మీదకు తెచ్చింది.

చాముండేశ్వరి వచ్చీరాని ఇంగ్లీషులో, రెండు చేతులూ వాడుతూ, ఎలీనాకు అంతా వివరించింది. చెవి దగ్గర లేని ఫోన్ పెట్టుకుని "ఉంట, ఉంట, ఉంట" అంటూ కింద పెట్టేసి చూపించింది. ఎలీనా పెదవులు అదిమి నవ్వు ఆపుకుంది. కానీ తల అడ్డంగా ఊపింది.

"నేను మిమ్మల్ని నమ్ముతున్నాను. కానీ ఇందులో నేను తీర్పరిని కాను. ఇతను ఒక అర్థం చెబుతాడు, మీరు ఒకటి చెబుతారు. ఏది చెప్పినా ఫోన్ ఫోనే, రాత కాదు."

ఇక అయిపోయినట్టే అనిపించింది లూసీకి. కౌశిక్ ల్యాప్‌టాప్ మూయబోయాడు. విజయం అతని ముఖంలో లేదు. పెద్దావిడను నొప్పించిన ఇబ్బందే ఉంది.

"ఒక్క నిమిషం," అంది ఎలీనా. జుట్టులోంచి పెన్సిల్ తీసింది. "మీరు ఈ ఫోన్‌లో ఏ భాషలో మాట్లాడారు?"

"తెలుగు మేడమ్."

"మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు?"

"తెలుగే. అన్నిసార్లూ తెలుగే." కౌశిక్ భుజాలు కాస్త పైకి లేచాయి. "మా సర్వీస్ స్పెషాలిటీ అదే. మా బాస్ రఘువీర్ గారు ఎప్పుడూ చెప్తారు, మనవాళ్లతో మన భాషలో మాట్లాడితే ట్రస్ట్ వస్తుందని. ఆంటీ కంఫర్టబుల్‌గా ఉండాలని నేను ఒక్క ముక్క కూడా ఇంగ్లీషులో ఎక్స్‌ప్లెయిన్ చేయలేదు."

"చాలా మంచి పని చేశారు." ఎలీనా కాంట్రాక్టు అతని వైపు తిప్పింది. "ఇది ఏ భాషలో ఉంది?"

కౌశిక్ పేజీలు తిప్పాడు, మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లీషే.

"కాలిఫోర్నియా చట్టంలో ఒక మాట ఉంది," అంది ఎలీనా, ఇప్పుడు లూసీ వైపు తిరిగి. "కన్సల్టెంటు ముఖ్యంగా ఏ భాషలో మాట్లాడి ఒప్పించాడో, కాంట్రాక్టు ఆ భాషలోనే ఉండాలి. అలా ఇవ్వనంత కాలం గడువు దాటిపోయిందని మీతో ఎవరూ అనలేరు. మీరు ఇవాళ కూడా రద్దు చేసుకోవచ్చు. ఇన్ని మాటలూ తెలుగులోనే జరిగాయని నేను ఎలా రుజువు చేయాలా అని రాత్రంతా ఆలోచించాను. ఈ అబ్బాయి తనే రికార్డు చేసి తెచ్చి వినిపించాడు."

లూసీకి సగం అర్థమైంది. సగం అర్థం కాకముందే కళ్లు నిండాయి. "అంటే… ఇంకా ఉందా అమ్మా? హక్కు?"

"ఉంది. ఇప్పుడే రాసేయండి. ఏ ఫారమూ అక్కర్లేదు. ఎలా రాసినా సరే, మీరు ఈ కాంట్రాక్టుకు కట్టుబడరని తెలిస్తే చాలు. తెలుగులో రాయండి. కింద నేను ఇంగ్లీషులో ఒక వాక్యం పెడతాను."

తెల్లకాగితం లూసీ ముందుకు వచ్చింది. ఆమె కళ్లజోడు పెట్టుకుంది. కలం కాగితానికి ఆనించి, అలాగే ఉండిపోయింది. తెలుగులో ఒకరికి సూటిగా కాదని రాయడం ఆమె జీవితంలో ఎన్నడూ చేయలేదు. పెళ్లికి రాలేమని చెప్పాలన్నా ప్రయత్నిస్తామనే రాస్తారు. "చిరంజీవి కౌశిక్‌కు, ఆంటీ ఆశీర్వదించి వ్రాయునది," అని మొదలుపెట్టింది. "నీవు చేసిన సహాయానికి ఎంతో కృతజ్ఞురాలను. అయితే నాకెందుకో మనసు…"

"ఏయ్!" చాముండేశ్వరి భుజం మీంచి వంగి చూసింది. "గా మనసు లొల్లి మళ్లీ పెడుతున్నవా? పోరడు ఇంతకుముందు గా మనసుతోనే ఆగమైండు. కొట్టెయ్యి. లేదు అని రాయి. ఉండను అని రాయి!"

"అంత మొహం మీద కొట్టినట్టా అక్కా?"

"ఆంటీ," అన్నాడు కౌశిక్ మెల్లగా. "అలాగే రాయండి. నాకు అలా అయితేనే అర్థం అవుతుంది."

లూసీ తల ఎత్తి అతన్ని చూసింది. ఆశీర్వాదం కొట్టెయ్యలేదు. కృతజ్ఞత కూడా కొట్టెయ్యలేదు. మనసు దగ్గర మాత్రం గీత గీసి, కొత్త వరుసలో, బడిపిల్ల గుండ్రటి అక్షరాలతో రాసింది: ఈ కాంట్రాక్టు నాకు వద్దు. రద్దు చేస్తున్నాను. నేను ఇందులో ఉండను.

తేదీ వేసి సంతకం పెట్టింది.

ఎలీనా కింద ఇంగ్లీషు వాక్యం చేర్చి, ఫొటో తీసి కంపెనీకి ఈమెయిల్ పంపింది. అసలు కాగితాన్ని కవరులో పెట్టి, కాంట్రాక్టులో ఉన్న చిరునామా రాసి, స్టాంపు అంటించింది. లైబ్రరీ ముందున్న నీలం పోస్టు డబ్బా దాకా నలుగురూ కలిసే నడిచారు. చట్టం ప్రకారం కవరు డబ్బాలో పడితే చాలు, రద్దు అమల్లోకి వచ్చినట్టే అని ఎలీనా చెప్పింది. లూసీ కవరును లోపలికి వదిలాక మూత ఒకసారి తెరిచి చూసింది. మళ్లీ తెరిచి చూసింది.

"పడిందే తల్లీ," అంది చాముండేశ్వరి. "ఇంక లోపల దూరి చూస్తవా?"

కౌశిక్ కారు తాళాలు తీశాడు. బాస్‌తో ఏం చెప్పాలో అన్న దిగులు అతని నడకలోనే తెలుస్తోంది. లూసీ రెండడుగులు ముందుకు వేసి అతని చెయ్యి పట్టుకుంది.

"బాబూ, నీ వల్లే నా ఇల్లు నాకు మిగిలింది. నువ్వు నా మాటలు రికార్డు చేసి ఉంచకపోతే నాకు ఏ దారీ లేదు. నీ మేలు మరిచిపోను."

వెక్కిరిస్తోందేమోనని అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె ముఖంలో వెక్కిరింపు లేదు. అదే అతనికి మరీ కష్టంగా ఉంది. "సారీ ఆంటీ," అన్నాడు. "బై ఆంటీ."

"బై ఏందిరా," అంది చాముండేశ్వరి. "నేర్చుకో. పోయేటప్పుడు వస్త అనాలె."

"మళ్లీ రావాలా ఆంటీ?"

"వద్దు, రాకు. అయినా వస్త అనే అనాలె."

"వస్తాను ఆంటీ," అన్నాడు కౌశిక్, ఏమీ అర్థం కాక. కారు మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా లూసీ అక్కడే నిలబడింది. ఎవరు వెళ్లినా ఆమె అలాగే నిలబడుతుంది.

తిరిగి గదిలోకి వచ్చాక ఎలీనా ఆమెకు మంచినీళ్ల సీసా ఇచ్చింది. "కాంట్రాక్టు పోయింది కానీ వేలం ఇంకా మిగిలే ఉంది. లోన్ కంపెనీతో మాట్లాడవద్దని ఆ అబ్బాయి మీకు చెప్పాడు, అవునా? ఇప్పుడు మీకు ఆ అడ్డు లేదు. నా ముందే ఫోన్ చేద్దాం. వేలం వాయిదా వేయమని అడుగుదాం."

స్పీకర్‌లో వినిపించిన అవతలి గొంతు ఒక ఆడపిల్లది, దయగల గొంతు. లూసీ పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా చెప్పింది. ఆ పిల్ల కీబోర్డు టకటకలాడించింది.

"వేలం ఇప్పటికే వాయిదా పడింది మేడమ్. కొత్త దరఖాస్తు కూడా మొదలైంది. మీ ఆయన అడిగినవన్నీ చేశాం."

లూసీ సరిగ్గా వినలేదనుకుంది. "ఎవరు అడిగారమ్మా?"

"మీ భర్త. సుందర్ రాజ్ గారు. కొన్ని వారాలుగా ఆయనే ఫోన్ చేస్తున్నారు. ఇవాళ ఉదయం కూడా చేశారు. చాలా మర్యాదస్తులు."

ఎలీనా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. లూసీ బల్ల అంచు పట్టుకుంది. తనే కళ్లు మూసి, సమాధిలో తనే పిడికెడు మట్టి వేసిన మనిషి ఆయన. భయపడాలో, దండం పెట్టాలో తెలియలేదు. ఎవరైతేనేం, ఎవరో ఇన్నాళ్లూ తన ఇంటికి అడ్డం నిలబడ్డారు.

"మీరు ఎప్పుడైనా ఫోన్ చేస్తే ఇవ్వమని ఆయన ఒక నంబరు ఇచ్చారు," అంది ఆ పిల్ల. "చదవమంటారా?"

స్పీకర్‌లోంచి అంకెలు ఒక్కొక్కటిగా వచ్చాయి. లూసీ రాసుకుంటోంది. సగం కాకముందే చాముండేశ్వరి కుర్చీలోంచి లేచింది. అన్నేళ్ల స్నేహంలో ఆమె ముఖం అలా పాలిపోవడం లూసీ ఎన్నడూ చూడలేదు.

"చెల్లె," అంది. "గా నంబరు మా ఇంటిదే."

ఆ ఇంట్లో ఉండే మగమనిషి ఒక్కడే, చాముండేశ్వరి భర్త కేశవరావు. పక్షవాతం వచ్చిన నాటి నుంచి ఆయన నోట ఒక్క మాట కూడా రాలేదు.